సింగపూర్ బెత్తం శిక్ష: విచారణ సక్రమంగా జరిగితే శిక్ష కూడా న్యాయమైనట్టేనా?

2025 అక్టోబర్‌లో ఇద్దరు భారతీయ యువకులకు సింగపూర్ కోర్టు ఐదేళ్ల ఒక నెల జైలు, దాంతోపాటు ఒక్కొక్కరికి 12 బెత్తం దెబ్బలు శిక్ష వేసింది. టూరిస్టులుగా వెళ్లి, సెక్స్ వర్కర్లను హోటల్ గదులకు పిలిపించి, కొట్టి దోచుకున్నారన్నది కేసు. ఇద్దరూ నేరం ఒప్పుకున్నారు. వాళ్ల తరఫున లాయర్ లేడు. తండ్రి చనిపోయాడని, అక్కచెల్లెళ్ల బాధ్యత తన మీదే ఉందని ఒకరు, ఊళ్లో భార్యాబిడ్డలు ఒంటరిగా ఉన్నారని మరొకరు దయ చూపమని వేడుకున్నారు. జడ్జి కరిగిపోయినా చేయగలిగింది పెద్దగా లేదు. గాయపరిచి దోచుకుంటే కనీసం ఐదేళ్ల జైలు, కనీసం 12 దెబ్బలు అని అక్కడి శిక్షాస్మృతిలోనే రాసి ఉంది.

మరుసటి నెలలో సింగపూర్ పార్లమెంటు ఇంకో అడుగు వేసింది. ఆన్‌లైన్ మోసాలు చేసేవాళ్లకు ఆరు నుంచి 24 బెత్తం దెబ్బలు తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. 2025 డిసెంబర్ 30 నుంచి అది అమల్లోకి వచ్చింది.

ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా తెలుగు సోషల్ మీడియాలో రెండే మాటలు వినిపిస్తాయి. ‘మన దగ్గర కూడా ఇలాగే వాయిస్తే నేరాలు తగ్గుతాయి’ అనేది ఒకటి. ‘ఈ రోజుల్లో కూడా మనిషిని కట్టేసి కొడతారా, ఇదేం అనాగరికం’ అనేది రెండోది. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. కానీ మాట్లాడేవాళ్లు మూడు వేర్వేరు ప్రశ్నల్ని కలిపేస్తున్నారు. విచారణ న్యాయంగా జరిగిందా? శిక్ష స్వభావంలోనే క్రూరత్వం ఉందా? ఆ శిక్ష అందరి మీదా సమానంగా పడుతోందా? మొదటి ప్రశ్నకు ‘అవును’ అని జవాబు వచ్చినంత మాత్రాన మిగతా రెండూ తేలిపోవు. సింగపూర్‌ను అర్థం చేసుకోవాలంటే ఈ మూడింటినీ విడదీసి చూడాలి.

జైల్లో అసలేం జరుగుతుంది

వార్తల్లో ‘కొరడా దెబ్బలు’ అని రాసేవన్నీ ఒకే రకం శిక్షలు కావు. సింగపూర్, మలేషియా జైళ్లలో వాడేది పేము బెత్తం. సింగపూర్ చట్టం ప్రకారం దాని మందం అర అంగుళం, అంటే 1.27 సెంటీమీటర్లు దాటకూడదు. పొడవు దాదాపు 1.2 మీటర్లు ఉంటుంది. కొట్టేటప్పుడు చీలిపోకుండా దాన్ని ముందే నీళ్లలో నానబెడతారు. ఖైదీని బట్టలు లేకుండా ఒక చట్రం మీదికి వంచి, చేతులూ కాళ్లూ కట్టేస్తారు. మూత్రపిండాలకు దెబ్బ తగలకుండా నడుముకు మెత్త కడతారు. పిరుదుల మీదే కొడతారు. డాక్టర్ పరీక్షించి ఫిట్‌గా ఉన్నాడని చెబితేనే మొదలుపెడతారు, మధ్యలో పరిస్థితి బాగాలేదంటే ఆపేస్తారు. వేసిన దెబ్బలన్నీ ఒకేసారి పూర్తి చేయాలి, విడతలుగా కొట్టడం కుదరదు. ఏ రోజున కొడతారో ఖైదీకి ముందుగా చెప్పరు. ఇదంతా జైలు గోడల మధ్యే, ఇతరుల కంట పడకుండా జరుగుతుంది. ఇందుకోసం శిక్షణ పొందిన సిబ్బంది ఉంటారు. చర్మం చిట్లుతుంది, మచ్చలు జీవితాంతం ఉండిపోవచ్చు.

ఇండోనేషియాలోని ఆచే ప్రాంతంలో మత చట్టం కింద వేసే శిక్ష దీనికి చాలా భిన్నం. అక్కడ దుస్తులు ఉండగానే వీపు మీద కొడతారు, అది కూడా జనం ముందు. నొప్పికన్నా నలుగురిలో అవమానమే అక్కడ అసలు శిక్ష. మలేషియాలో రెండు పద్ధతులూ పక్కపక్కనే ఉన్నాయి. జైలు బెత్తం శిక్ష మగవాళ్లకే పరిమితం. షరియా కోర్టుల శిక్ష ఆడవాళ్లకూ పడుతుంది. 2018లో తెరెంగాను రాష్ట్రంలో స్వలింగ సంబంధానికి ప్రయత్నించారన్న అభియోగం మీద ఇద్దరు మహిళలను కోర్టు హాల్లోనే ఆరేసి దెబ్బలు కొట్టారు. 2022 చివరి నుంచి అఫ్గానిస్తాన్‌లో తాలిబన్లు మళ్లీ స్టేడియాల్లో కొరడా దెబ్బలు మొదలుపెట్టారు. వీటన్నిటినీ ఒకే గాటన కట్టి తీర్పు చెప్పడం కుదరదు.

సింగపూర్‌లో ఎవరికి పడుతుందన్నదీ చట్టం స్పష్టంగా చెప్పింది. ఆడవాళ్లకు ఈ శిక్ష లేదు. 50 ఏళ్లు దాటిన మగవాళ్లకు లేదు. ఉరిశిక్ష పడి, అది మారనివాళ్లకూ లేదు. ఒక విచారణలో ఎన్ని నేరాలు రుజువైనా పెద్దవాళ్లకు 24 దెబ్బలకు మించి వేయకూడదు, మైనర్లకు 10 దాటకూడదు. వయసు వల్లో ఆరోగ్యం వల్లో దెబ్బలు తప్పితే వాటి బదులుగా 12 నెలల దాకా అదనపు జైలు వేసే అధికారం కోర్టుకు ఉంది. వేసి తీరాలని మాత్రం లేదు.

ఇది ఆసియా సంప్రదాయమా, వలస పాలన వదిలిన శిక్షా?

పాశ్చాత్య దేశాలు విమర్శించినప్పుడు ‘ఇది మా ఆసియా విలువలకు సంబంధించిన విషయం’ అనే వాదన వినిపిస్తుంది. చరిత్ర చూస్తే కథ వేరేగా ఉంటుంది. సింగపూర్, పెనాంగ్, మలక్కాలను కలిపి బ్రిటిష్‌వాళ్లు ‘స్ట్రెయిట్స్ సెటిల్‌మెంట్స్’ అనేవారు. 1867 వరకు వాటి పాలన సాగింది భారతదేశంలోని బ్రిటిష్ ప్రభుత్వం కింద. 1871లో అక్కడికి వచ్చిన శిక్షాస్మృతి మన 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్‌కు దాదాపు నకలు. నేటికీ సింగపూర్‌లో మోసానికి 420 సెక్షనే. మనం ‘ఫోర్ ట్వంటీ’ అని తిట్టినట్టే అక్కడి లాయర్లు ఆ నంబరుతోనే కేసులు వాదిస్తారు.

కొరడా శిక్ష మన దగ్గరా ఉండేది. 1864లో విప్పింగ్ యాక్ట్ వచ్చింది, 1909లో దాని బదులు కొత్తది వచ్చింది. దొంగతనం లాంటి నేరాలకు జైలు బదులుగా కొట్టి పంపేసే వీలు ఆ చట్టాలు కల్పించాయి. జాతీయోద్యమ కాలంలో సత్యాగ్రహుల మీదా ఆ కొరడా పడింది. స్వాతంత్ర్యం తర్వాత 1955లో పార్లమెంటు ఆ చట్టాన్ని రద్దు చేసింది. బ్రిటన్ తన గడ్డ మీద కోర్టులు వేసే కొరడా శిక్షను 1948లోనే తీసేసింది. ఒకే వలస పాలన నుంచి వచ్చిన రెండు దేశాల్లో ఒకటి ఆ శిక్షను వదిలేస్తే, ఇంకొకటి ఉంచుకోవడమే కాకుండా పెంచుకుంటూ పోయింది.

ఎలా పెరిగిందో చెప్పడానికి 1966 నాటి వాండలిజం చట్టం మంచి ఉదాహరణ. అప్పుడు ప్రతిపక్షంలోని వామపక్ష పార్టీ కార్యకర్తలు గోడల మీద, బస్టాపుల్లో నినాదాలు రాస్తుండేవారు. దాన్ని అణచడానికి వచ్చిన చట్టం అది. పెయింటు లాంటి చెరగని రంగుతో రాస్తే మూడు నుంచి ఎనిమిది దెబ్బలు తప్పనిసరి చేశారు. పెన్సిల్‌తోనో సుద్దముక్కతోనో రాస్తే మొదటిసారికి దెబ్బలు ఉండవు. రాజకీయ గోడ రాతల కోసం పుట్టిన చట్టం మూడు దశాబ్దాల తర్వాత ఒక అమెరికన్ టీనేజర్ మీద పడి ప్రపంచ వార్త అయింది.

1994: అధ్యక్షుడు అడిగితే తగ్గింది రెండు దెబ్బలు

మైకేల్ ఫే అనే 18 ఏళ్ల అమెరికన్ కుర్రాడు సింగపూర్‌లో చదువుకుంటూ, కార్ల మీద స్ప్రే పెయింటు చల్లిన కేసులో దొరికాడు. నేరం ఒప్పుకున్నాడు. నాలుగు నెలల జైలు, 3,500 సింగపూర్ డాలర్ల జరిమానా, ఆరు బెత్తం దెబ్బలు పడ్డాయి. అప్పీలును ప్రధాన న్యాయమూర్తి యోంగ్ పుంగ్ హౌ కొట్టేశారు. అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ ఈ శిక్ష మితిమీరిందని బహిరంగంగానే అన్నాడు. రెండు డజన్ల మంది సెనేటర్లు క్షమించమని లేఖ రాశారు. సింగపూర్ అధ్యక్షుడు ఓంగ్ టెంగ్ చియోంగ్ ఆరు దెబ్బల్ని నాలుగు చేశారు. 1994 మే 5న శిక్ష అమలైంది.

సింగపూర్ సమర్థకులు ఈ కేసునే తమ బలంగా చూపుతారు. ప్రపంచంలోని అతి శక్తివంతమైన దేశం అడిగినా చట్టం వంగలేదు, మా పిల్లలకు ఏ శిక్షో మీ పిల్లలకూ అదే అన్నది వాళ్ల వాదన. డబ్బూ పలుకుబడీ ఉన్నవాడు కేసుల నుంచి ఎలా జారిపోతాడో రోజూ చూసే మనలాంటి సమాజంలో ఈ మాట గట్టిగా తగులుతుంది. అందుకే ఆ వాదనను తేలిగ్గా తీసేయలేం.

అయితే అదే కేసులో ఇంకో కుర్రాడున్నాడు, హాంకాంగ్ నుంచి వచ్చినవాడు. నేరం చేయలేదని వాదించి ఓడిపోయాడు. ఎనిమిది నెలల జైలు, 12 దెబ్బలు పడ్డాయి. తర్వాత దెబ్బల్ని ఆరుకు తగ్గించారు. అతని కోసం ఏ దేశాధినేతా మాట్లాడలేదు. ఇంకో చిక్కు కూడా ఉంది. పోలీసుల ఒత్తిడికి లొంగి ఒప్పుకున్నానని ఫే తర్వాత చెప్పాడు, ప్రభుత్వం అది అబద్ధమంది. ఎవరిది నిజమో బయటివాళ్లం తేల్చలేం. కానీ సింగపూర్‌లో అరెస్టయినవాడికి తొలి విచారణ దశలోనే లాయర్‌ను కలిసే హక్కు లేదు. ‘సహేతుకమైన సమయంలో’ కలిస్తే చాలని అక్కడి కోర్టులు చెప్పాయి. విచారణ బాగుందా అన్న మొదటి ప్రశ్నకు సింగపూర్‌కు మంచి మార్కులే వేయొచ్చు. జడ్జీలకు లంచాలన్న మాట వినపడదు, తీర్పులు కారణాలతో రాసి ఉంటాయి, కేసులు ఏళ్ల తరబడి నానవు. అలాగని ఆ ప్రశ్నలోనూ మచ్చ లేకపోలేదు.

చిత్రహింసా, చట్టబద్ధమైన శిక్షా?

రెండో ప్రశ్న అసలైన గొడవ. 1984 నాటి ఐక్యరాజ్యసమితి చిత్రహింసల వ్యతిరేక ఒప్పందం చిత్రహింసను నిర్వచిస్తూనే ఒక మినహాయింపు పెట్టింది. చట్టబద్ధమైన శిక్షలో సహజంగా భాగమైన నొప్పి దాని కిందికి రాదని. ఈ ఒక్క వాక్యం చుట్టూ దశాబ్దాలుగా వాదన నడుస్తోంది. మా పార్లమెంటు చేసిన చట్టం ప్రకారమే కొడుతున్నాం కాబట్టి అది చట్టబద్ధమే అంటారు ఒక వైపు. అలాగైతే ఏ దేశమైనా చిత్రహింసను చట్టంలో రాసేసుకుని తప్పించుకోవచ్చు కదా అంటారు ఇంకో వైపు. పౌర, రాజకీయ హక్కుల ఒప్పందాన్ని పర్యవేక్షించే ఐరాస మానవ హక్కుల కమిటీ 1992లో శారీరక శిక్షలన్నీ, కోర్టు వేసినవి సహా, నిషేధం కిందికే వస్తాయని చెప్పింది.

కోర్టు తీర్పులూ క్రమంగా ఆ వైపే వెళ్లాయి. 1978లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు ముందుకు బ్రిటన్ అధీనంలోని ఐల్ ఆఫ్ మ్యాన్ అనే దీవి కేసు వచ్చింది. 15 ఏళ్ల కుర్రాణ్ని బర్చ్ చెట్టు కొమ్మల కట్టతో మూడు దెబ్బలు కొట్టారు. ఇది చిత్రహింస స్థాయికి చేరలేదు కానీ మనిషిని కించపరిచే శిక్షే అని కోర్టు తేల్చింది. చాలామంది గమనించని తేడా ఇక్కడే ఉంది. చిత్రహింస, అమానవీయ శిక్ష, కించపరిచే శిక్ష అని మూడు మెట్లున్నాయి. ‘చిత్రహింస కాదు’ అని తేలినంత మాత్రాన ‘తప్పు లేదు’ అని అర్థం రాదు. దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానం 1995లో మైనర్లకు కొరడా శిక్షను కొట్టేసింది. ట్రినిడాడ్‌లో తొమ్మిది తోకల కొరడాతో 15 దెబ్బలు కొట్టిన కేసులో 2005లో ఇంటర్ అమెరికన్ కోర్టు ఆ దేశాన్ని తప్పుపట్టింది.

పైన చెప్పిన ఐరాస ఒప్పందాలు రెండింటిలోనూ సింగపూర్ చేరలేదు. మనమేమీ పైన కూర్చుని మాట్లాడే స్థితిలో లేం. భారత్ 1997లో చిత్రహింసల వ్యతిరేక ఒప్పందం మీద సంతకం పెట్టింది, ఇప్పటికీ ధ్రువీకరించలేదు. మన లాకప్పుల్లో జరిగేదానికి డాక్టర్ సర్టిఫికెట్టూ ఉండదు, దెబ్బల లెక్కా ఉండదు.

సింగపూర్‌లోనే ఈ ప్రశ్న సూటిగా కోర్టు ముందుకు వచ్చింది 2015లో. యోంగ్ వుయ్ కోంగ్ అనే మలేషియా యువకుడు 47.27 గ్రాముల హెరాయిన్‌తో పట్టుబడ్డాడు. మొదట ఉరిశిక్ష పడింది. 2012లో చట్టం మారి, కొన్ని షరతులకు లోబడి, కేవలం సరుకు మోసేవాళ్లకు ఉరి తప్పే అవకాశం వచ్చింది. దాంతో అతని శిక్ష యావజ్జీవం, 15 బెత్తం దెబ్బలుగా మారింది. ఆ దెబ్బలు రాజ్యాంగ విరుద్ధమని అతను వాదించాడు. అప్పీలు కోర్టు ఒప్పుకోలేదు. డాక్టర్ పర్యవేక్షణ, దెబ్బల పరిమితి, బెత్తం కొలతలు ఇవన్నీ ఉన్నప్పుడు దీన్ని చిత్రహింస అనలేమంది. అంతర్జాతీయ ఆచారం ఏం చెప్పినా దేశంలోని స్పష్టమైన చట్టాన్ని అది తోసిపుచ్చలేదంది. ఉరికంబం నుంచి బయటపడ్డ మనిషి దెబ్బల మీద కోర్టుకెక్కడం కొందరికి అతిగా అనిపించింది. నాకు అలా అనిపించదు. ప్రాణం దక్కినందుకు మిగతా హక్కులన్నీ వదులుకోవాలని ఏ చట్టమూ చెప్పదు.

ఒకే చట్టం, ముగ్గురు మనుషులు

మూడో ప్రశ్నకు వద్దాం. ‘చట్టం అందరికీ ఒకటే’ అనే మాటను ఊహాజనితమైన ముగ్గురు మనుషుల మీద పరీక్షించి చూద్దాం.

మొదటివాడు 28 ఏళ్ల భవన నిర్మాణ కార్మికుడు. నిజామాబాద్ నుంచో శ్రీకాకుళం నుంచో ఏజెంటుకు అప్పు చేసి డబ్బు కట్టి వెళ్లాడనుకుందాం. పర్మిట్ అయిపోయింది, అప్పు తీరలేదు, తిరిగి రాలేదు. 91వ రోజున పట్టుబడ్డాడు. 1989లో తెచ్చిన వలస నిబంధన ప్రకారం 90 రోజులు దాటి ఉంటే ఆరు నెలల దాకా జైలు, కనీసం మూడు దెబ్బలు. 89వ రోజున పట్టుబడి ఉంటే జరిమానాతోనో జైలుతోనో పోయేది, ఒంటి మీద దెబ్బ పడేది కాదు. అతను ఎవరినీ కొట్టలేదు, ఎవరి సొమ్మూ దోచలేదు.

రెండో వ్యక్తి సరిగ్గా అదే పరిస్థితిలో ఉన్న మహిళ. ఆమెకు దెబ్బల బదులు జరిమానా ఉంటుంది. మగవాడికి తప్పనిసరైన నొప్పి ఆమెకు ఎందుకు లేదన్న ప్రశ్న యోంగ్ కేసులోనే వచ్చింది. సింగపూర్ రాజ్యాంగంలో వివక్ష చూపకూడని కారణాల జాబితాలో మతం, జాతి, వంశం, పుట్టిన ఊరు ఉన్నాయి, లింగం లేదు. కాబట్టి ఈ తేడా చెల్లుతుందని కోర్టు చెప్పింది. దీన్ని ఇంకోలా చూసేవాళ్లున్నారు. ఆడవాళ్లను కొట్టడం తప్పని అక్కడి చట్టమే ఒప్పుకుంటోందంటే, ఆ శిక్షలో ఏదో తప్పుందని దానికీ తెలుసన్నమాట అంటారు వాళ్లు.

మూడోవాడు సూటు వేసుకున్న కంపెనీ అధికారి. తన మీద నమ్మకంతో అప్పగించిన కోట్ల డాలర్లు మింగేశాడు. ఎన్ని కుటుంబాలు కూలినా అతనికి ఏళ్ల జైలు, జరిమానాయే. నమ్మకద్రోహానికి, మామూలు మోసానికి అక్కడ బెత్తం లేదు. పర్సు లాక్కుని గాయపరిచినవాడికి 12 దెబ్బలు, పెన్షన్ సొమ్ము కాజేసినవాడికి సున్నా.

ఈ ముగ్గురిలో మొదటివాడి కేసు నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది. గడువు దాటి ఉండిపోవడం అనే నేరం సింగపూర్ పౌరుడు చేయాలనుకున్నా చేయలేడు. చట్టంలో ‘విదేశీయులను కొట్టాలి’ అని ఎక్కడా ఉండదు, కానీ ఆ సెక్షన్ కింద దెబ్బలు తినేది విదేశీయులే, వాళ్లలోనూ పేదవాళ్లే. దీనికి సింగపూర్ ఇచ్చే జవాబు కూడా వినాలి. చుట్టూ తమకన్నా ఎన్నో రెట్లు పెద్ద దేశాలు, తక్కువ జీతాల ప్రాంతాలు ఉన్న చిన్న ద్వీపం అది. అక్రమ వలసను మొదట్లోనే ఆపకపోతే చేయి దాటిపోతుందన్నది 1989 నాటి భయం. భయం నిజమైనదే. ఆ భయానికి మనిషి ఒంటి మీద మచ్చలే జవాబు కావాలా అన్నది వేరే ప్రశ్న.

లాయర్ విషయంలోనూ తేడా ఉంది. డబ్బు లేని నిందితుల తరఫున వాదించడానికి 2022లో సింగపూర్ మొదలుపెట్టిన పబ్లిక్ డిఫెండర్ కార్యాలయం పౌరులకు, శాశ్వత నివాసులకే పనిచేస్తుంది. ఉరిశిక్ష పడే కేసుల్లో విదేశీయులకూ ప్రభుత్వమే లాయర్‌ను ఇస్తుంది. మిగతా కేసుల్లో స్వచ్ఛంద న్యాయవాదుల సాయం దొరికితే దొరికినట్టు. మొదట చెప్పిన ఇద్దరు యువకులు జడ్జి ముందు తమ గోడు తామే చెప్పుకోవాల్సి వచ్చింది.

దెబ్బకు నేరం భయపడుతుందా?

సింగపూర్ వీధుల్లో అర్ధరాత్రి ఆడపిల్ల ఒంటరిగా నడిచి వెళ్లగలదన్నది నిజం. అక్కడున్న తెలుగు కుటుంబాలు మొదట చెప్పే మాట కూడా అదే. అది బెత్తం వల్లేనా అన్నది రుజువు చేయడం చాలా కష్టం. పోలీసు వ్యవస్థ, ఇళ్ల కేటాయింపు, ఆదాయాలు, తుపాకుల నిషేధం, కెమెరాలు, నేరస్తుడు దొరికిపోయే అవకాశం ఇవన్నీ కలిసి పనిచేస్తాయి.

పోల్చడానికి ఒక చక్కని ఊరుంది, హాంకాంగ్. అదీ బ్రిటిష్ వలసే, కిక్కిరిసిన నగరమే, సంపన్న వాణిజ్య కేంద్రమే. 1990లో కోర్టులు వేసే బెత్తం శిక్షను రద్దు చేసింది. ఆ తర్వాత అక్కడ నేరాలు కట్టలు తెంచుకోలేదు. ఇన్నేళ్లుగా ప్రపంచంలో సురక్షితమైన నగరాల్లో ఒకటిగానే ఉంది. దీంతో బెత్తం పనికిరాదని తేలిపోయిందని అనను. అది లేకపోయినా భద్రత సాధ్యమేనని మాత్రం తేలుతుంది.

శారీరక శిక్ష తరఫున వినిపించే బలమైన వాదన ఇంకొకటి ఉంది. జైలు మనిషిని ఏళ్ల తరబడి కుటుంబానికి దూరం చేస్తుంది, ఉద్యోగం పోతుంది, పిల్లలు రోడ్డున పడతారు. నాలుగు దెబ్బలు తిని ఇంటికి వెళ్లిపోవడం అంతకన్నా దయగలది కాదా అని. నిజాయితీగా ఆలోచిస్తే చాలామంది ఖైదీలు అదే ఎంచుకోవచ్చు. మన పాత విప్పింగ్ యాక్ట్ కొన్ని నేరాలకు సరిగ్గా అదే పద్ధతి పెట్టింది, జైలు బదులు దెబ్బలు. సింగపూర్‌లో మాత్రం ఎంచుకునే వీలు లేదు. జైలూ, దెబ్బలూ రెండూ కలిపే వస్తాయి. కాబట్టి ఆ వాదన ఎంత బలమైనదైనా సింగపూర్‌కు వర్తించదు.

గల్ఫ్‌లో చిక్కు మరో చోట

తెలుగువాళ్లకు విదేశీ న్యాయం అంటే సింగపూర్ కన్నా ముందు గుర్తొచ్చేది గల్ఫ్. సౌదీలో 2014లో రైఫ్ బదావీ అనే బ్లాగరుకు పదేళ్ల జైలు, వెయ్యి కొరడా దెబ్బలు వేశారు. 2015 జనవరిలో జెడ్డాలో జనం మధ్య మొదటి 50 కొట్టారు. ప్రపంచమంతా గగ్గోలు పెట్టాక మిగతావి కొట్టలేదు. 2020 ఏప్రిల్‌లో సౌదీ సుప్రీంకోర్టు, న్యాయమూర్తులు తమ విచక్షణతో వేసే కొరడా శిక్షల్ని ఆపి, జరిమానా, జైలు లాంటివి వేయమంది. మత గ్రంథాలు నిర్ణయించాయని భావించే శిక్షలు ఇందులోకి రావు. అంటే శిక్షల క్రూరత్వం విషయంలో సౌదీ కాస్త వెనక్కి తగ్గింది, సింగపూర్ జాబితా పెంచుకుంటోంది.

కానీ గల్ఫ్‌లో మనవాళ్ల బాధ ఎక్కువగా మొదటి ప్రశ్న దగ్గరే ఉంటుంది. కోర్టు భాష అరబిక్. కూలికి వెళ్లిన మనిషికి అభియోగ పత్రంలో ఏముందో చదవడం రాదు. దుబాయ్‌లో ఒక నేపాలీ వాచ్‌మన్ హత్య కేసులో సిరిసిల్ల ప్రాంతానికి చెందిన ఐదుగురు దాదాపు 18 ఏళ్లు జైల్లో ఉన్నారు. అప్పటికే సిరిసిల్ల ఎమ్మెల్యేగా ఉన్న కేటీఆర్ 2011లో నేపాల్ వెళ్లి, మృతుడి కుటుంబానికి 15 లక్షల రూపాయలు ఇచ్చి క్షమాపణ పత్రం తెచ్చారు. అక్కడి పద్ధతిలో దాన్ని దియా, అంటే రక్తపరిహారం అంటారు. అయినా వెంటనే విడుదల కాలేదు. 2024 ఫిబ్రవరి నాటికి గానీ ఐదుగురూ ఇళ్లకు చేరలేదు. ఒక్క దెబ్బ కూడా పడని ఈ శిక్షను, నాలుగు దెబ్బల శిక్షను పక్కపక్కన పెడితే ఏది కఠినమైందో చెప్పడం సులభం కాదు.

1963 నాటి వియన్నా ఒప్పందం 36వ అధికరణ ప్రకారం, విదేశీయుణ్ని అరెస్టు చేస్తే అతని దేశ కాన్సులేటుతో మాట్లాడే హక్కు ఉందని ఆలస్యం లేకుండా చెప్పాలి. కులభూషణ్ జాధవ్ కేసులో పాకిస్తాన్ దీన్ని ఉల్లంఘించిందని అంతర్జాతీయ న్యాయస్థానం 2019లో చెప్పింది. ఈ హక్కు శిక్షను ఆపలేదు. కానీ అనువాదకుడు, లాయర్, ఇంటికి కబురు ఇవన్నీ దాని నుంచే మొదలవుతాయి.

‘అక్కడిలా ఇక్కడా వెంటనే శిక్షించాలి’ అనే కోపం మన దగ్గర ఎటు దారితీసిందో 2019లో చూశాం. దిశ ఘటన తర్వాత నలుగురు అనుమానితులు పోలీసు కాల్పుల్లో చనిపోతే పూలు చల్లాం. 2022లో సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్, చంపాలనే కాల్చారని, నలుగురిలో ముగ్గురు మైనర్లని తేల్చింది. ఆ చనిపోయిన అమ్మాయికి జరిగిన ఘోరం ఎవరూ మర్చిపోలేనిది. అయినా సింగపూర్‌ను పొగిడేటప్పుడు ఒక తేడా గమనించాలి. అక్కడ బెత్తం లేచేది కోర్టు తీర్పు, అప్పీలు అయ్యాకే.

స్కామ్ చట్టం ఎవరి దాకా వెళ్తుంది

2024లో ఆన్‌లైన్ మోసాల వల్ల సింగపూర్ జనం కోల్పోయిన సొమ్ము కనీసం 110 కోట్ల సింగపూర్ డాలర్లు. జీవితమంతా దాచుకున్న డబ్బు పోగొట్టుకున్న వృద్ధులు అందులో ఉన్నారు. ఆ కోపం నుంచే కొత్త చట్టం పుట్టింది. ఒక రకంగా అది పాత అన్యాయాన్ని కొంత సరిదిద్దింది కూడా. పర్సు కొట్టేసినవాడికే తప్ప పొదుపంతా ఊడ్చేసినవాడికి లేని బెత్తం ఇప్పుడు ఫోన్ ద్వారానో ఇంటర్నెట్ ద్వారానో మోసం చేసినవాడికీ వచ్చింది. ఎదురుగా కూర్చుని మోసం చేసిన సూటు మనిషికి మాత్రం ఇంకా రాలేదు.

చట్టం రెండు అంచెలు పెట్టింది. స్కామ్ చేసేవాళ్లకు, ముఠా సభ్యులకు, మనుషుల్ని చేర్చుకునేవాళ్లకు దెబ్బలు తప్పనిసరి. బ్యాంకు ఖాతానో సిమ్‌కార్డో ఇచ్చి సహకరించినవాళ్లకు 12 దాకా వేయొచ్చు, వేయాలా వద్దా అన్నది జడ్జి ఇష్టం. ఈ విభజన ఆలోచించి చేసిందే. మోసానికి ఖాతా అప్పిచ్చినవాళ్లలో తెలిసి చేసినవాళ్లూ ఉంటారు, మోసపోయినవాళ్లూ ఉంటారు.

ఈ వ్యాపారంలో మొదటి అంచెలోనూ బాధితులుంటారు. 2024లో విశాఖ పోలీసులు పట్టుకున్న ఏజెంట్ల ముఠా, డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి మన కుర్రాళ్లను కాంబోడియాకు పంపింది. పాస్‌పోర్టులు లాక్కుని, గదుల్లో బంధించి, మోసపు ఫోన్లు చేయించారు. టార్గెట్ పూర్తికాకపోతే కొట్టారు. అలాంటి చోట ఫోన్ పట్టుకున్నవాడు ముఠా సభ్యుడా, బందీయా? దెబ్బలు ఐచ్ఛికమైతే జడ్జి ఆ తేడాను శిక్షలో చూపించగలడు. తప్పనిసరి అయితే ఆ తేడా అంతా ప్రాసిక్యూటర్ ఏ సెక్షన్ కింద కేసు పెడతాడన్న దగ్గరే తేలిపోవాలి. ఆ నిర్ణయం కోర్టులో కాకుండా ఆఫీసు గదిలో జరుగుతుంది, దానికి కారణాలు రాసిన తీర్పు కూడా ఉండదు. ఈ చట్టం కింద రాబోయే కేసుల్లో చూడాల్సింది ఎన్ని దెబ్బలు వేశారన్నది ఒక్కటే కాదు, ఎవరిని ఏ అంచెలో నిలబెట్టారన్నది కూడా.